పదకొండు వరుసల బతుకమ్మ

పండగ ఆఖరి నాడు వచ్చే సద్దుల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుందనగా సక్కుబాయి ఫోనులో కోడలు పంపిన పట్టిక వచ్చి పడింది. కోడలు శ్రీలత హైటెక్ సిటీలో ఓ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. ఆఫీసులో యాభై మందితో పని చేయించే అలవాటు ఇంటికొచ్చాక ఊరుకుంటుందా? పండగనాడు ఇంటిల్లిపాదీ చుట్టాలతో కలిసి చేసుకునే విందుకు కూడా ఎక్సెల్ షీటు తయారు చేసింది. ఏ పని, ఎవరి పని, ఎన్నింటికల్లా కావాలి, అన్నీ అందులో ఉన్నాయి. అయిన పనికి ఆకుపచ్చ రంగు, కాని పనికి ఎరుపు.

విందుకు ఒక థీము కూడా ముందే పెట్టింది. పేరు "అప్పటి కొత్తగూడ". డెకరేషన్ వాళ్లు వద్దు, ప్లాస్టిక్ పూలు వద్దు, విందు జరిగే మేడ మీద కనబడేదంతా మన చేతులతో చేసిందే అయ్యుండాలని ఆర్డరు. ఆలోచన మంచిదే, కాదనడానికి లేదు. వాళ్లుంటున్న ఆ పన్నెండంతస్తుల అపార్టుమెంటు ఒకప్పుడు సక్కుబాయి మామగారి జొన్నచేను. ఆ చేనులోనే తొమ్మిదో అంతస్తులో కూర్చుని, అట్టపెట్టెలు కత్తిరించి ఎడ్లబండి చేయడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. సక్కుబాయి మాత్రం నవ్వలేదు. పది రోజులుగా అందరికంటే ఎక్కువ పని చేసింది ఆమే. కొడుకు మహేశ్ బండి చక్రానికి ఆరు ఆకు కర్రలు పెడితే పీకించి పన్నెండు పెట్టించింది. గోనెసంచుల నారతో ఉట్లు అల్లింది. పాత చీరల అంచులు కత్తిరించి తోరణాలు కుట్టింది.

ఆ మధ్యాహ్నం కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను మీద వేలితో ఒక్కో లైనూ జరుపుతూ చదివింది. పద్నాలుగో లైను, బతుకమ్మ పేర్చడం: అత్తమ్మ. పదిహేనో లైను, గౌరమ్మను పెట్టడం, బతుకమ్మను ఎత్తుకుని మేడ మీదికి తేవడం: వీరలక్ష్మి పెద్దమ్మ, అంటే సక్కుబాయి ఆడబిడ్డ. ఇంకా కిందికి పోతే ఇరవై రెండో లైను. పడమటి గోడ పక్కన నులక మంచం, కూర్చునేవాళ్లు: అత్తమ్మ, రోహిణి.

మూడుసార్లు చదివింది. ఎన్నిసార్లు చదివినా అదే ఉంది.

సక్కుబాయి భర్త సాయిలు పోయిన ఏడాది వానకాలంలో పోయాడు. మొన్ననే సంవత్సరికం కూడా అయింది. ఆ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, భర్త పోయిన మనిషి పూలు కోయవచ్చు, కాడలు కత్తిరించవచ్చు, బతుకమ్మను పేర్చవచ్చు. పసుపుతో గౌరమ్మను చేసి నిలబెట్టకూడదు. బతుకమ్మను నెత్తిన పెట్టుకోకూడదు. ఆడేవాళ్ల వలయంలో నిలబడకూడదు. ముప్పై ఏళ్లు కొత్తగూడ గల్లీల్లో ఎవరి బతుకమ్మ కూలబడినా పరుగున సక్కుబాయి కోసమే వచ్చేవాళ్లు. ఆ చెయ్యి ఇప్పటికీ కావాలి, ఆ మనిషే వద్దు. కూరలో కరివేపాకు అంటారే, అచ్చంగా అదే.

శ్రీలత డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కాగితం బంతిపూలు మడుస్తోంది. సక్కుబాయి వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"శ్రీలతా, పదిహేనో లైన్ల పేరు తప్పు పడ్డట్టుంది బిడ్డా."

శ్రీలత చేతిలో పువ్వు సగంలో ఆగింది. "తప్పు పడలేదత్తమ్మా. వీరలక్ష్మి పెద్దమ్మ ఫోన్ చేసి చెప్పింది. అట్ల చెయ్యకపోతే చుట్టాలెవరూ రారన్నది."

"మరి నువ్వేమన్నవ్?"

"సరే అన్న." ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు, అదొక్కటి మెచ్చుకోవాలి. ముఖం మాత్రం చిన్నబోయింది.

చక్రానికి రంగు వేస్తున్న మహేశ్ అక్కడినుంచే అందుకున్నాడు. "అమ్మా, ఒక్క పూట ముచ్చట. జర అడ్జస్ట్ చేసుకో. వీరలక్ష్మత్తతోని లొల్లి ఎందుకు చెప్పు? పేర్చేది నువ్వే కదా. నీ చేతిపని అందరూ చూస్తరు."

"చేతిపని చూస్తరు. మనిషిని మంచం మీద కూసోబెడ్తరు."

మహేశ్ బుర్ర గోక్కుని మళ్లీ చక్రం మీదికి వంగాడు. ఇంట్లో మగవాళ్లకు ఇలాంటప్పుడే చేతినిండా పని దొరుకుతుంది.

సక్కుబాయి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కోపంతో ఒళ్లు మండిపోతోంది. వీరలక్ష్మి మీద, కొడుకు మీద, ఆ షీటు మీద. పడుకుని పైకప్పు చూస్తూ అందరినీ మనసులో తిట్టుకుంటూ పోతే, తిట్లన్నీ అయ్యాక చివరికి మిగిలింది తనే. ఆ నులక మంచం మీద తన పేరు పక్కన ఇంకో పేరుంది కదా. రోహిణి.

రోహిణి వీరలక్ష్మి కూతురు. సాయిలుకు మేనకోడలు. మదీనాగూడలో ఓ బడిలో లెక్కల టీచరు. ఆమెకు ముప్పై రెండేళ్లప్పుడే భర్త గుండె ఆగి పోయాడు. ఏడాది తిరిగాక వచ్చిన మొదటి సద్దుల నాడు చిలకపచ్చ చీర కట్టుకుని వచ్చి, చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుని వలయం అంచున నిలబడింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పేదెవరు? అప్పుడు సక్కుబాయే వెళ్లింది. భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, "బిడ్డా, నువ్వు జర లోపల కూసో, పులిహోర కలుపుదువు" అంది. రోహిణి మారుమాట లేకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ ఏడాదితో మొదలుపెట్టి అయిదు బతుకమ్మలు ఆ పిల్ల పులిహోర కలుపుతూనే ఉంది. ఆ రోజు వీరలక్ష్మి గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకోవడం సక్కుబాయి చూసింది. చూసి కూడా పాట అందుకుంది.

లేచి వీరలక్ష్మికి ఫోను చేసింది. ఆమె ఉండేది శేరిలింగంపల్లిలోనే, పిలిస్తే పలికే దూరం.

"వదినా, పదిహేనో లైన్ల నీ పేరున్నది."

"ఉండక? నా తమ్ముడు ఉన్నన్ని రోజులు నువ్వు పెట్టినవ్. ఇగ నీ వంతు అయిపోయింది సక్కూ."

"అయిపోయిందని గౌరమ్మ నాకు చెప్పలే."

అటు నుంచి ఈసారి వచ్చిన గొంతు వేరు. "నా బిడ్డను లోపలికి పంపింది నువ్వే. యాదికున్నదా? అది అయిదేండ్ల సంది లోపలనే కూసుంటున్నది. దానికి లేనిది నీకెట్ల వస్తది?"

వీరలక్ష్మి ఫోను పెట్టేసింది.

సక్కుబాయికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వీరలక్ష్మిది పట్టుదల అనుకుంది గానీ, అది కడుపుకోత. తన బిడ్డను ఏ ఆచారం పేరు చెప్పి కూర్చోబెట్టారో ఆ ఆచారం ఉత్తదే అని తేలితే, ఆ అయిదేళ్లకు ఆ తల్లి ఎవరికి జవాబు చెప్పుకోవాలి? చివరికి ఒకటి తేల్చుకుంది. ముడి వేసింది తనే, విప్పవలసిందీ తనే.

బయటికొచ్చి, "పేరుస్త తియ్యి బిడ్డా. పద్నాలుగో లైను నాదే" అంది శ్రీలతతో. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. సక్కుబాయి అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి అని నమ్మారంటే, అది వాళ్ల అమాయకత్వం.

సద్దుల నాడు పొద్దున్నే మదీనాగూడ హైవే పక్కకు పోయి, శంకర్‌పల్లి దిక్కు నుంచి వచ్చిన ఆడవాళ్ల దగ్గర తంగేడు, గునుగు, కట్లపూలు తెచ్చింది. ఇప్పుడు అద్దాల బిల్డింగులున్న చోటంతా ఒకప్పుడు గునుగే. ఒడి పట్టుకుని వెళ్తే ఒడి నిండేది. రంగులు కలిపి, తెల్లని గునుగు కొసలను ఎరుపులో, నీలంలో ముంచి బాల్కనీలో ఆరబెట్టింది.

మధ్యాహ్నానికి వీరలక్ష్మి, రోహిణి వచ్చారు. వీరలక్ష్మి పలకరింపుగా తల ఊపి, ఏర్పాట్లు చూడటానికి మేడ మీదికి పోయింది. రోహిణి ఎప్పటిలాగే కత్తెర తీసుకుని, కాడలు సమంగా కత్తిరించడానికి సక్కుబాయి గదిలోకి వచ్చి చాప మీద కూర్చుంది.

బతుకమ్మ పేర్చడం చూడని వాళ్లకు చెప్పాలి. తాంబాళంలో ఆకులు పరిచి, పూలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా గుండ్రంగా వరుస మీద వరుస పేరుస్తారు. నడుమ మిగిలే ఖాళీలో ఆకులు, కత్తిరించిన కాడల ముక్కలు గట్టిగా కూరుతారు. లేకపోతే నిలవదు. పైకి పోయేకొద్దీ వరుస చిన్నదవుతుంది. అంతా అయ్యాక శిఖరాన గుమ్మడిపువ్వు పెట్టి, అందులో పసుపు గౌరమ్మను నిలబెడతారు. ఎక్కడైనా ఇదే పద్ధతి.

సక్కుబాయి తాంబాళంలో గుమ్మడాకులు పరిచింది. గిన్నెలో పసుపు తడిపి, బొటనవేలంత గౌరమ్మను చేసి, కుంకుమ బొట్టు పెట్టింది. ఒక్క పువ్వు కూడా పెట్టక ముందే, ఆ ఆకుల నడిమధ్యన నిలబెట్టింది.

రోహిణి కత్తెర ఆగిపోయింది. "ఇదేందత్తా? గౌరమ్మను ముందుగాలనే పెట్టినవ్?"

"పైన పెట్టే పని నాకియ్యలే బిడ్డా. పేర్చుడు మాత్రమే నాది. పేర్చుడంటే అడుగు నుంచే కదా మొదలు." గౌరమ్మ చుట్టూ మొదటి వరుస తంగేడు పరుస్తూ అంది.

"అమ్మ ఊకుంటదా?"

"ఊకోదు. నేను సుత ఊకోను."

రోహిణి తలుపు వైపు చూసింది. సక్కుబాయి చేతిలో పూలు పక్కన పెట్టి ఆ పిల్ల ముంజేయి పట్టుకుంది. "రోహిణీ, ఆనాడు నిన్ను లోపలికి పంపింది నేను. తప్పు చేసిన. నా నెత్తి మీదికి వచ్చేదాంక నాకది తప్పని తెల్వలే సూడు, అది ఇంకా పెద్ద తప్పు."

"నువ్వు ప్రేమతోనే చెప్పినవత్తా."

"గందుకే నువ్వు కొట్లాడలేకపోయినవ్. తిడితే కొట్లాడేదానివి."

రోహిణి తల వంచుకుంది. ఒళ్లో గునుగు మీద కన్నీళ్లు పడి, పూల నీలం రంగు కరిగి చీరకు అంటుకుంది. సక్కుబాయి ఓదార్చలేదు. ఏడవవలసిన ఏడుపును ఆపడం తన పని కాదని ఊరుకుంది.

పెద్ద బతుకమ్మను ఒంటరిగా పంపరు. పక్కన చిన్నది ఒకటి చేసి పెడతారు, దాన్ని తోడు బతుకమ్మ అంటారు. సక్కుబాయి ఓ చిన్న పళ్లెం రోహిణి ముందుకు జరిపింది. గిన్నెలో మిగిలిన తడి పసుపు కూడా దాని పక్కన పెట్టింది.

"తోడు బతుకమ్మ నువ్వు పేర్చు. గౌరమ్మ సంగతి నీ ఇష్టం. ఒకసారి నీకు చెప్పిన, ఇంకోసారి చెప్ప."

రోహిణి చాలాసేపు ఆ గిన్నె వైపు చూసింది. తర్వాత పళ్లెం, గిన్నె, ఓ పిడికెడు పూలు తీసుకుని పక్క గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

సాయంత్రం అయిదింటికి మేడ నిండా చుట్టాలే. అట్ట ఎడ్లబండి దగ్గర నిలబడి ఫొటోలు, ఉట్ల కింద నిలబడి ఫొటోలు. పిట్టగోడకు తాళ్లు కట్టి వేలాడదీసిన పాత ఫొటోల్లో సాయిలు నాగలి పట్టుకుని నిలబడ్డాడు. ఆ వెనకాల ఐటీ కంపెనీల అద్దాల మీద ఎండ మెరుస్తోంది. పడమటి గోడ పక్కన నులక మంచం వేసి, దాని మీద కొత్త బొంత పరిచారు. గౌరవానికేం లోటు చేయలేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. పదకొండు వరుసల బతుకమ్మను నెత్తిన పెట్టుకుని సక్కుబాయి నడిచి వచ్చింది.

ఫొటోలు తీస్తున్న ఫోన్లన్నీ అటు తిరిగాయి. వీరలక్ష్మి చేతిలో తమలపాకు, ఆకులో తను చేసి తెచ్చిన గౌరమ్మ ఉన్నాయి. "సక్కూ, దించు" అంది. గొంతు పెంచలేదు. సక్కుబాయి నడుమనున్న పీట దాకా వచ్చి తనే దించుకుంది.

వీరలక్ష్మి గౌరమ్మను పెట్టబోయి ఆగింది. శిఖరాన గుమ్మడిపువ్వు లేదు. బంతిపూలు సందు లేకుండా కూర్చి ఉన్నాయి.

"గుమ్మడిపువ్వేది?"

"అక్కర లేదు వదినా. గౌరమ్మ అడుగున ఉన్నది. మొదటి వరుస కంటే ముందుగాల నేనే పెట్టిన."

వెనకాల ఎవరో "అయ్యో" అన్నారు. ఇంకెవరో, "మరి గౌరమ్మ పసుపెట్ల? నీళ్లల్ల ఇడిసే ముందు పుస్తెలకు రాసుకోవాలె కదా" అన్నారు.

"పసుపు డబ్బాల బోలెడున్నది, రాసుకోండ్రి" అంది సక్కుబాయి. "ఈ యేడు గౌరమ్మను పంచుకునుడు లేదు. అందరికీ ఒక్క తీరే."

"తియ్యి దాన్ని" అంది వీరలక్ష్మి.

"నువ్వే తియ్యి. పై నుంచి ఒక్కొక్క వరుస ఇప్పుకుంట రా. పదకొండు ఇప్పితే దొరుకుతది. నేనడ్డం రాను."

మహేశ్ దగ్గరికొచ్చాడు. "అమ్మా, అందరి ముందట ఏందిది?"

"పోయింది మీ నాయిన, మహేశ్. నేను పోలే."

మహేశ్ వెనక్కి జరిగాడు. వీరలక్ష్మి పంతానికి పోయి, శిఖరం మీద చెయ్యి వేసింది. రెండు బంతిపూలు చేతిలోకి వచ్చాయి. పేర్చిన బతుకమ్మను విప్పడం ఆ మేడ మీదున్న ఒక్క ఆడమనిషి కూడా పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండదు. మూడో పువ్వు దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే అందరి ఫోన్లూ ఒక్కసారిగా టింగుమన్నాయి. ఎడ్లబండి పక్కన నిలబడి శ్రీలత అందరికీ పంపిన షీటులో పదిహేనో లైను మార్చింది. గౌరమ్మను పెట్టడం, ఎత్తుకుని తేవడం: అత్తమ్మ. పూర్తయింది. ఆకుపచ్చ రంగు. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. శ్రీలత మాత్రం నవ్వలేదు, అత్తగారి కళ్లలోకి సూటిగా చూసింది.

లిఫ్టు మళ్లీ తెరుచుకుంది. రోహిణి వచ్చింది. చిలకపచ్చ చీర, అయిదేళ్లుగా మడత విప్పనిది, ఏ సంచిలో పెట్టి తెచ్చుకుందో. ఎప్పటి నుంచి తెస్తూ తీసుకుపోతూ ఉందో కూడా ఎవరికీ తెలియదు. నెత్తిన తోడు బతుకమ్మ ఉంది. దాని శిఖరాన కూడా బంతిపూలే.

వీరలక్ష్మి కూతురి వైపు చూసింది. "దీంట్ల గౌరమ్మను ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టినమ్మా. అడుగున."

పెద్ద దాని పక్కన చిన్నదాన్ని దించింది. వీరలక్ష్మి చేతిలోని రెండు బంతిపూలు కింద పడ్డాయి. "అయితే నేనాడను" అంది. ఎటు పోవాలో తెలియక చుట్టూ చూసింది. మేడ మీద కూర్చునే చోటు ఒక్కటే ఉంది. వెళ్లి ఆ నులక మంచం మీద కూర్చుంది.

సక్కుబాయి చప్పట్లు మొదలుపెట్టి పాట అందుకుంది. ఏడాదిగా పాడని గొంతు, మొదట బొంగురుపోయింది. పక్కన రోహిణి చేరింది. తర్వాత శ్రీలత. తర్వాత ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు, ఎప్పటి నుంచో ఎవరో ఒకరు మొదలుపెడితే బాగుండునని చూస్తున్నవాళ్లలాగా వచ్చేశారు. కొందరు రాలేదు. ఆ రానివాళ్ల కోసం పాట ఆగలేదు.

రెండో చుట్టుకు మంచం దగ్గరికి వచ్చినప్పుడు రోహిణి ఒక్క క్షణం ఆగింది. కోపం లేదు ఆ గొంతులో, పిల్లలకు లెక్క విడమరిచి చెప్పినట్టే చెప్పింది. "కూసో అమ్మా. నేను గిట్లనే కూసున్న. పాట ఇనబడ్తనే ఉంటది. కాళ్లు వాటంతట అవే కదులుతుంటయి. మొదటి యేడు కష్టమైతది. తర్వాత అలవాటైతది."

చెప్పి, అడుగు తప్పకుండా వలయంలో కలిసిపోయింది.

వీరలక్ష్మి ఒక్క పాట అయ్యేదాకా కూడా కూర్చోలేకపోయింది. కళ్లు తుడుచుకోవడానికి ఈసారి గోడ వైపు తిరగలేదు. లేచి వచ్చి, తన చేతిలోని గౌరమ్మను ఆకుతో సహా రెండు బతుకమ్మల నడుమ పీట మీద పెట్టింది. సక్కుబాయి చప్పట్లు ఆపలేదు. జర పక్కకు జరిగి, తనకూ రోహిణికీ మధ్యన చోటిచ్చింది.